అడవి కంది, పెరటి కంది: కంది కొత్తల పండుగ వెనుక చరిత్ర

కంది కొత్త అయ్యేదాకా కొత్త కంది నోట పెట్టకూడదని మన పెద్దలు చెప్పేవారు. పుష్య, మాఘ మాసాల్లో సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల మీద సవర, జాతాపు గూడల్లో ఈ పండుగ వస్తుంది. కొత్త కందిని ముందు దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తరువాతే ఇంట్లో వండుకుంటారు. డప్పు మోగుతుంది, ఊరంతా ఒకచోట చేరుతుంది.

ఈ సంచిక కోసం మన పండుగల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మాలో ఒకరు ఒక ప్రశ్న వేశారు. "పండుగ రోజు దేవత ముందు పెట్టే కంది ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?" కొందరు మా పోడు నుంచే అన్నారు. కొందరు ఇంటి వెనక రెండు మూడు పొదలు ఉన్నాయన్నారు. మరికొందరు కాసేపు ఊరుకుని, సంతలో కొంటున్నామని చెప్పారు. కొత్తల పండుగ అంటే మన చేతితో పండించిన తొలి పంటను తినే పండుగ. ఆ పంటే కొనుక్కోవాల్సి వస్తే పండుగలో మిగిలేదేమిటి? ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం అక్కడే పుట్టింది.

కందిని మనం రోజూ చూస్తాం కాబట్టి దానికి చరిత్ర ఉంటుందని అనుకోం. కానీ ఈ పొద కథ మూడు వేల ఏళ్లకు పైబడినది. ఆ కథలో తూర్పు కనుమలకు పెద్ద చోటు ఉంది. దాని అడవి తల్లి ఇప్పటికీ ఈ కనుమల్లో అక్కడక్కడ బతికే ఉంది.

పేర్లు చెప్పే సంగతి

తెలుగులో కంది. దక్షిణ ఒడిశా కొండల్లో కందుల. తమిళంలో తువరై, కన్నడంలో తొగరి. సవర భాషలో రొగొ. వెరియర్ ఎల్విన్ సరిహద్దు అవతల గంజాం, కోరాపుట్ కొండల సవరల మధ్య తిరిగి 1955లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. అందులో సవరల కొత్తల పండుగలను ఒక్కొక్కటిగా రాస్తూ, కంది కొత్తకు రొగొనదుర్ అనే పేరును నమోదు చేశారు. అంటే ఒక పంటకు సొంత భాషలో సొంత పేరుంది, ఆ పేరుతోనే ఒక పండుగ ఉంది. నిన్న మొన్న బయటి నుంచి వచ్చిన పంటకు ఇంత గౌరవం దక్కదు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోవాలి. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. బడిలో మన భాషకు చోటు లేని రోజుల్లో మన మాటలను కాగితం మీద నిలబెట్టిన పని అది. మొక్కల పేర్లు, పంటల పేర్లు, పండుగల పేర్లు పోతే వాటి వెనక ఉన్న తెలివి కూడా పోతుంది. పేరును కాపాడటం విత్తనాన్ని కాపాడటంలో సగం పని.

ఈ పంట సముద్రాలు కూడా దాటింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని పావురాల బఠాణీ అన్నారు. కరీబియన్ దీవుల్లోని బార్బడోస్‌లో ఈ గింజలను పావురాలకు మేతగా వేసేవారు, ఆ పేరు అక్కడిది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజలతోపాటు ఇది ఆ దీవులకు చేరి, వాళ్ల అన్నంలో భాగమైంది. ప్యూర్టోరికోలో దీన్ని గాండులెస్ అంటారు. ఆ మాట కాంగో ప్రాంతపు 'వాండు' నుంచి వచ్చిందని చెబుతారు. మన 'కందులు'తో దానికి పోలిక చూసినవారూ ఉన్నారు.

అడవిలో ఉన్న తల్లి

మన పొలంలో ఉండే కందికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కజానస్ కజాన్. దీనికి అడవిలో చాలామంది చుట్టాలున్నారు. వాటిలో అన్నిటికంటే దగ్గరిది కజానస్ కజానిఫోలియస్. అంటే కంది ఆకుల వంటి ఆకులున్నది అని అర్థం. బీహార్, ఒరిస్సా అడవుల్లో అధికారిగా పనిచేసిన హైన్స్ అనే వృక్ష శాస్త్రవేత్త 1920 ప్రాంతంలో దీన్ని తొలిసారి వర్ణించాడు. అప్పట్లో దీన్ని వేరే తెగలో పెట్టారు. తరువాత వాన్ డెర్ మేసెన్ అనే డచ్ శాస్త్రవేత్త ఈ మొక్కలన్నిటినీ పరిశీలించి, 1986లో వెలువడిన తన గ్రంథంలో దీన్ని కంది కుటుంబంలోనే కలిపాడు.

ఇది అన్నిచోట్లా దొరికే మొక్క కాదు. ఒడిశా, బస్తర్, వాటికి ఆనుకున్న ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమలు, అంతే దీని లోకం. ఆ లోకంలో కూడా అడవి అంచుల్లో, వెలుతురు పడే వాలుల్లో, చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది.

దూరం నుంచి చూస్తే ఎవరో విత్తిన కందే అనిపిస్తుంది. నిలువుగా పెరిగే పొద, మూడేసి ఆకులు, పసుపు పువ్వులు, అన్నీ కందివే. తేడా తెలియాలంటే కాయనూ గింజనూ చూడాలి. అడవి కంది కాయ ముదురు రంగులో ఉంటుంది, ఎండితే దానంతటదే పగిలి గింజలను చిమ్ముతుంది. గింజ నల్లగానో మచ్చలతోనో ఉంటుంది. గింజకు తొడిమ అంటుకునే చోట తెల్లటి కండ ఉబ్బి కనిపిస్తుంది. మన కందిలో ఆ ఉబ్బు దాదాపు పోయింది. ఈసారి అడవి అంచున 'ఎవరూ వేయని కంది' కనిపిస్తే పీకవద్దు. ముందు ఒక ఎండు కాయ విప్పి గింజ చూడండి.

ఈ తేడాలు ఊరికే వచ్చినవి కావు. పగిలి చిమ్మే కాయను మనిషి ఏరుకోలేడు. పగలకుండా చెట్టు మీదే నిలిచిన కాయలే చేతికి వస్తాయి, వాటి గింజలే మళ్లీ విత్తనమవుతాయి. తరాల తరబడి ఇలా ఏరి, దాచి, విత్తితే అడవి పొద పంట మొక్క అయింది. దానికి ప్రయోగశాల లేదు, డిగ్రీ లేదు. కొండల మీద, మైదానాల్లో విత్తనం ఏరిన ఆడవాళ్ల చేతులే ఆ పని చేశాయి.

కంది ఎక్కడ పుట్టింది?

ఒకప్పుడు కంది ఆఫ్రికాలో పుట్టిందని చాలామంది నమ్మారు. ఈజిప్టులో ఒక పురాతన సమాధిలో కంది గింజ దొరికిందన్నది అందుకు ఒక ఆధారం. దీన్ని వాన్ డెర్ మేసెన్ 1980లో కాదన్నాడు. ఆయన వాదన సూటిగా ఉంది. కందిలో రకరకాల రూపాలు ఎక్కువగా ఉన్నది భారతదేశంలో. అడవి చుట్టాలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. అన్నిటికంటే దగ్గరి చుట్టమైన కజానిఫోలియస్ తూర్పు కనుమల్లో ఉంది. కాబట్టి పుట్టిల్లు భారతదేశమే.

తవ్వకాలు దీనికి బలమిచ్చాయి. ఇచ్ఛాపురం దాటి చిలికా సరస్సు వైపు వెళితే గోల్‌బాయ్ శాసన్ అనే పాత ఊరి దిబ్బ ఉంది. నయాగఢ్ జిల్లాలో గోపాల్‌పూర్ అనే మరో దిబ్బ ఉంది. ఇది బరంపురం దగ్గర సముద్రతీరాన ఉన్న గోపాల్‌పూర్ కాదు. ఈ దిబ్బల మట్టిలో కాలి బొగ్గయిన గింజలను పురావస్తు శాస్త్రవేత్తలు వెలికి తీశారు. వాటిలో వరి, పెసరలాంటి వాటితోపాటు కంది కూడా ఉంది. వాటి వయసు మూడు వేల ఏళ్లకు పైమాటే. అంటే ఏ రాజ్యమూ, ఏ జిల్లా గీతా లేని రోజుల్లోనే ఈ తూర్పు తీరం వెనక ప్రజలు కంది తిన్నారు.

ఇటీవల జన్యు శాస్త్రం కూడా ఈ మాటలోకి దిగింది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ నాయకత్వంలో కంది జన్యుపటం సిద్ధమై 2012లో ప్రచురితమైంది. అందులో 48 వేలకు పైగా జన్యువులను గుర్తించారు. 2017లో 292 కంది, అడవి కంది రకాలను పోల్చిన మరో అధ్యయనం మధ్యప్రదేశ్ వైపు వేలు చూపించింది. ఒకరు ఒడిశా అంటారు, ఒకరు మధ్యప్రదేశ్ అంటారు. పటం తీసి చూస్తే ఈ రెండు వాదనల మధ్యలో ఉన్నది గోండులు, కోయలు, కోందులు, సవరలు, జాతాపులు, గదబలు నివసించే అడవి నేలే. పుట్టిల్లు మన ఒక్కరిదే అని మనం గొప్పలు చెప్పుకోనక్కరలేదు. ఆ పుట్టింటి గడపలో మనమూ ఉన్నాం. అది చాలు.

పోడులో కంది ఎందుకు?

మన పోడు పొలాన్ని చూసి "అన్నీ కలిపి చల్లేశారు, పద్ధతి లేదు" అన్నవారు చాలామంది. కానీ ఆ కలపడంలోనే పద్ధతి ఉంది. చోడి, సామ, కొర్ర, జొన్న మూడు నాలుగు నెలల్లో కోతకొస్తాయి. కంది తొలకరికి అదే మట్టిలో మొలిచి, మొదట మెల్లగా పెరుగుతూ మిగతావాటికి దారి ఇస్తుంది. అవి కోశాక పొలమంతా దానిదే. పుష్యం నాటికి కాపు వస్తుంది. ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది.

కంది వేరు చాలా లోతుకు పోతుంది. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి ఇస్తాయి. రాలిన ఆకు ఎరువవుతుంది. ఇంకో విశేషం ఉంది. మన ఎర్రమట్టిలో భాస్వరం ఉన్నా అది ఇనుముతో బిగుసుకుపోయి పంటకు అందదు. కంది వేరు ఒక రకం ఆమ్లాన్ని వదిలి ఆ బిగింపును విప్పుతుందని ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తల బృందం 1990లో సైన్స్ పత్రికలో నిరూపించింది. ఏ మట్టిలో కంది వేయాలో మన తాతలకు తెలుసు. ఎందుకు వేయాలో ఆ పరిశోధన చెప్పింది.

చోడి అంబలితో కడుపు నిండుతుంది, కాని కండ పట్టాలంటే పప్పు కావాలి. కంది గింజలో 20 శాతానికి పైగా మాంసకృత్తులుంటాయి. పచ్చి కాయలు ఉప్పేసి ఉడికిస్తే పిల్లలకు చిరుతిండి. ఎండిన కంప పొయ్యిలోకి, దడికి. ఆకు మేకలకు. ఇందులో పారేసేది ఏమీ లేదు.

అందుకే పోడులో ఒక కంది, పెరట్లో ఇంకో కంది ఉండేవి. ఇంటి దడి పక్కన రెండు మూడేళ్లు నిలిచి కాసే పొదలు ఉండేవి. ఎర్ర గింజది, తెల్ల గింజది, మచ్చల గింజది, తొందరగా కాసేది, ఆలస్యంగా కాసేది, పప్పు తొందరగా ఉడికేది అంటూ ప్రతి ఇంటికీ తన రకం ఉండేది. కోడలు పుట్టింటి నుంచి విత్తనం తెచ్చేది. బూడిద కలిపి ఆనపబుర్రలో పోసి, పొయ్యి పొగ తగిలేలా వేలాడదీసేవారు. ఆ బుర్రే మన విత్తన బ్యాంకు.

తల్లి ఇచ్చిన వరం

ఇప్పుడు మీలో చాలామందికి తెలియని ఒక సంగతి. పప్పుధాన్యాల్లో హైబ్రిడ్ విత్తనం తయారు చేయడం ఏళ్ల తరబడి ఎవరికీ సరిగా కుదరలేదు. కంది పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. హైబ్రిడ్ కావాలంటే తల్లి మొక్క పువ్వులో పుప్పొడి పనిచేయకూడదు. వేల పువ్వుల్లో చేత్తో పుప్పొడి తీయడం అయ్యే పని కాదు.

ఆ దారి అడవి కంది చూపించింది. కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం బిడ్డకు తల్లి నుంచే వస్తుంది. ఇక్రిశాట్‌లో కుల్‌భూషణ్ సక్సేనా బృందం అడవి కంది కజానిఫోలియస్‌ను తల్లిగా, పొలం కందిని తండ్రిగా కలిపింది. ఆ సంతతిలో పుప్పొడి పనిచేయని మొక్కలు దొరికాయి. 2005లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఆ పునాది మీదే ఐసీపీహెచ్ 2671 అనే హైబ్రిడ్ కంది తయారై 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. తరువాత ఒడిశాలో ఒకటి, 2015లో తెలంగాణలో ఐసీపీహెచ్ 2740 విడుదలయ్యాయి. తెలంగాణ రకానికి పెట్టిన పేరు మన్నెం కొండ కంది.

ఆ పేరు వింటే మాకు సంతోషమూ కలిగింది, ఆలోచనా కలిగింది. ఆ హైబ్రిడ్ మొక్క ప్రతి కణంలోనూ తూర్పు కనుమల అడవి పొద ఇచ్చిన తల్లి సొత్తు ఉంది. ఎవరూ విత్తని, ఎవరూ కొనని, మేకలు మేసి పోయే ఆ పొద లేకపోతే ఈ విద్యే లేదు. మరి ఆ పొద ఉన్న కొండవాలు మీద మంట పడితే, రోడ్డు వెడల్పు చేస్తే, ఒక గుంపు మొత్తం పోతుంది. పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. హైబ్రిడ్ విత్తనానికి ఇంకో గుణమూ ఉందని గుర్తుంచుకోవాలి. దాని గింజను దాచి మళ్లీ విత్తితే అదే పంట రాదు, ఏటా కొనాలి. ఆనపబుర్రలోని విత్తనం అలా కాదు.

రెండూ ఎందుకు తగ్గుతున్నాయి?

1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచి పోడు మీద ఆంక్షలు మొదలయ్యాయి. పోడు తిరిగే చోటు తగ్గింది. తరువాత కొండవాలుల్లో జీడిమామిడి వచ్చింది. సీతంపేట వైపు అనాస, పసుపు పెరిగాయి. వాటివల్ల చేతికి డబ్బు వచ్చింది, పిల్లల చదువుకు ఆసరా అయింది. దాన్ని మేము తప్పు పట్టం. కానీ జీడి చెట్టు గొడుగు పట్టాక కింద కంది, సామ, కొర్ర పండవు. రేషన్ బియ్యం, కొట్టు పప్పు వచ్చాక బుర్ర దించే అవసరం తగ్గింది.

ఇంకో చిక్కు ఉంది. కంది పువ్వు మీద తేనెటీగలు తిరుగుతాయి, ఒక పొలం పుప్పొడి ఇంకో పొలానికి చేరుతుంది. పక్కపక్కనే కొత్త రకం, పాత రకం వేస్తే రెండు మూడేళ్లలో పాత గుణం కలిసిపోతుంది. అడవి కందికి కూడా ఇదే ప్రమాదం.

ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. అది ఎంతో అవసరమైన పని. అయితే ఆ డబ్బాలో గింజ ఉంటుంది కానీ, అది ఏ వాలులో వేస్తే బాగుంటుందో, ఏ పండుగకు అందుతుందో చెప్పే అవ్వ ఉండదు. పైగా గింజ పొలంలో ఉంటేనే మారుతున్న వానలకు తనూ మారుతుంది. పాత రకాలు వట్టి జ్ఞాపకాలు కావు. ఎండు తెగులును తట్టుకునే మారుతి అనే పేరున్న రకాన్ని శాస్త్రవేత్తలు ఒక నాటు కంది నుంచే ఎంపిక చేశారు.

మన చేతిలో ఉన్నది

యువ మిత్రులారా, ఈ వ్యాసం చదివి గర్వపడి ఊరుకుంటే లాభం లేదు. వచ్చే కంది కొత్తలోపు మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మీ ఊరిలో ఎవరింట్లో పాత కంది ఉందో అడగండి. గింజ రంగు, కాపు వచ్చే నెల, రుచి, పెట్టిన పేరు, మీ భాషలోనే రాసుకోండి. ఫోనులో అవ్వ మాటను రికార్డు చేయండి. ఒక గుప్పెడు విత్తనం అడిగి, కొత్త రకాలకు దూరంగా ఇంటి వెనక పది పొదలు వేయండి.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీ రిజిస్టర్‌లో కంది రకాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించండి. అడవి కంది కనిపించిన చోటు కూడా అందులో చేరాలి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతులు కాపాడిన రకాన్ని రైతుల పేరునే నమోదు చేసుకునే హక్కు ఇచ్చింది. ఊరంతా కలిసి కాపాడిన రకాలకు గుర్తింపు కూడా ఉంది. మన కందికి ఆ కాగితం ఎందుకు ఉండకూడదు? వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కొండ కంది దానికి తీసిపోదు.

2022లో జిల్లాలు మారి సీతంపేట, కురుపాం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరులో మన్యం చేరింది. ఆ పేరుకు తగ్గట్టు మన్యం విత్తనం కూడా మన చేతిలో ఉండాలి.

కంది కొత్త నాడు మనం ముందు పెద్దలకు పెడతాం, తరువాతే తింటాం. ఆ పెద్దలు ఏరి, దాచి, విత్తి ఇచ్చిన గింజనే వాళ్ల ముందు పెట్టగలిగితే ఆ పండుగకు అర్థం ఉంటుంది. వచ్చే పుష్యానికి మన ఇంటి బుర్రలో ఒక గుప్పెడు కందైనా మన చేతి పంట ఉండాలని మా కోరిక.